దారం నా చేతికిచ్చి

దానియేలూ,

బాగున్నావా అని అడగను. నువ్వు పోయి ఏడు నెలలు. ఇన్నాళ్ళూ ఆదివారం ఆరాధన అయ్యాక నీ సమాధి దగ్గర కాసేపు నిలబడి వెళ్ళేవాణ్ణి. పోయిన వారం రాలేదు. గమనించావా?

మెటియాబ్రుజ్‌లో మీ ఇంటి అటక దులిపారు. మీ ఆవిడ కరుణ కబురు పెట్టింది. సైకిలు ఫ్రేము ఒకటుంది, కొనేవాడు వస్తానన్నాడు, వంకర ఏమైనా ఉందేమో చూసిపెట్టమంది. నువ్వు లేవు కదా... ఆ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేర్పిందీ నువ్వే.

గోనెపట్టా విప్పాను. ఆకుపచ్చ రంగు ఇంగ్లీషు ఫ్రేము. ఒంటి చేత్తో ఎత్తితే గాల్లోకి లేచింది. హ్యాండిల్ గొట్టం మీద ఇత్తడి బిళ్ళ, దాని మూలన చిన్న నొక్కు. ఆ నొక్కు నాకు తెలుసు. భవానీపూర్‌లో ముసలి వకీలు వరండాలో చూసిందే.

పదిహేనేళ్ళ కిందటి ఆ బంద్ గుర్తుందా? బస్సుల్లేవు, ట్రాముల్లేవు. ఎవరు పిలిచినా, ఎందుకు పిలిచినా బంద్ అంటే మనకు పండగే, ఊళ్ళో రోడ్లన్నీ మన సైకిళ్ళవే. షాలిమార్ గూడ్సు యార్డు గుమాస్తాగా నేను కోరుకున్నది ఒక్కటే. అలాంటి తేలిక ఫ్రేము ఎక్కి ఆ ఖాళీ రోడ్ల మీద పోవాలి. వకీలు అమ్ముతానన్నాడు. ఓడల డాకులో క్రేను నడిపే నిన్ను వెంటబెట్టుకెళ్ళాను. నీ వేలు తగలకుండా మనవాళ్ళలో ఎవరు ఫ్రేము కొన్నారు గనక?

గొట్టాల అడుగున వేలు రాశావు. "రంగు కంటికి కనబడతాది గురూ, దెబ్బ వేలికే తెలుస్తాది" అన్నావు. తర్వాత దారం. వెనక చక్రం బిగించే ఒక చెవి నుంచి ముందుకు లాగి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక రెండో చెవికి కట్టావు. దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేము తిన్నన. సందు కొలిచేది అగ్గిపుల్లలతో. ముందు వైపు దారం జారకుండా నన్ను పట్టుకోమన్నావు. కొలిచింది నువ్వు.

"ఏటి గురూ, ఈ ఒంకర ముక్క మీద మనసు పడ్డావేటి? అటేపు ఒక పుల్ల ఎక్కువొస్తంది. ఎక్కడో గుద్దీసి, సాపు సేసీసి, రంగేసీసినారు. ఒగ్గీ!" అన్నావు. వకీలు వైపు తిరిగి, కుదరదని బెంగాలీలో "హొబే నా, దాదా" అన్నావు, ఎంత జాలిగా...

నేను వంగి చూడలేదు. నీ మాట మీద ఏనాడైనా వంగి చూశానా?

ఆ వారంలోనే నువ్వు దాన్నే ఇంటికి తెచ్చి అటకెక్కించావట, కరుణ చెప్పింది.

ఈ ఊరి గోడల మీద దోపిడీ గురించి చదివీ చదివీ పార్టీల వాళ్ళందర్నీ తిట్టాను. నన్ను దోచినవాడు నా పక్కనే సైకిలు తొక్కాడు. పుస్తకాల్లో మిత్రద్రోహులు కొల్లలు, కాని వాళ్ళు రాజ్యం కోసం చేశారు. అనుభవించారు కూడా. నువ్వు దాన్ని ఒక్కసారైనా దించలేదట! తొక్కితే నా కంట పడతావు మరి. నువ్వూ తొక్కక, నన్నూ తొక్కనివ్వక... దేనికిరా?

ముందు వైపు దారం కరుణ చేత పట్టించాను. ఇటు ఎన్ని పుల్లలో అటూ అన్నే. మళ్ళీ కొలిచాను. గీత గీసినట్టుంది.

ఇంకా ఉంది. అది నేనే నీకు కానుకగా ఇచ్చానని ఆమెతో చెప్పావట. పాపం, నా చేతులు పట్టుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆయన మీ పేరు చెప్పి ప్రార్థన చేసేవారన్నయ్యగారూ అంది. ప్రార్థనలో కూడానా దానియేలూ? ఎవరితో చెబుతున్నావో తెలిసే చెప్పావా?

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, గోడ మీద నీ ఫొటో ఆమే దించేసేది. చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. ఆమెకు మిగిలింది నీ మీద గౌరవం ఒక్కటే. ఒకరి సొత్తు లాక్కోవడానికి నేను నువ్వు కాను.

తిన్నగానే ఉందమ్మా అన్నాను. అయితే వాడికి అమ్మను, మీరిచ్చింది మీరే ఉంచుకోండి అంది. తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకోను?

మంచం పక్కన పెట్టుకున్నాను. చక్రాలు బిగించినా మోకాళ్ళు ఒప్పుకోవు...

క్షమించానని రాస్తానని ఎదురుచూడకు. సమాధుల పండుగకు వస్తాను. కొవ్వొత్తులు కరుణ తెస్తుంది. ఆమె వెలిగించి వెళ్ళేదాకా ఆగి, నేను ఫ్రేము భుజాన వేసుకొస్తాను, తేలికే కదా. దారం, అగ్గిపెట్టె కూడా తెస్తాను.

ఈసారి ముందు వైపు నువ్వు పట్టుకో. కొలిచేది నేను.