ఆగిన చోట ఆమేన్

ఉమ్‌కోమాస్
6-7-97

ప్రియమైన అక్కయ్యకు,

నాన్నకు జ్వరం తగ్గిందని షారోనుకు చెప్పు.

ఇక్కడ జూలైలో చలికాలం, సెలవులిచ్చారు, బడి లేదు. ఈ సెలవుల్లో మా చిన్న సంఘంవాళ్లు రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. చివరి ప్రార్థన ఆ ఇంటి యజమానిది. ప్రభువు పిలుచుకున్న తనవాళ్లను అతను పేరు పెట్టి తలచుకోవాలి. నిన్న నా వంతు. వీళ్ల ముత్తాతలు మన వైపు నుంచి ఓడల్లో ఈ దేశపు చెరకు తోటలకు వచ్చినవాళ్లే గాని తెలుగు దాదాపు పోయింది. అందుకని ఇంగ్లీషులో చేయబోయాను. పెద్దావిడ డోర్కస్ ఆంటీ ఒప్పుకోలేదు. తనకు మిగిలిన నాలుగు తెలుగు ముక్కల్లో అంది:

"తెలుగులో చెయ్యి మాస్టరూ. మాకు తెలీదు గాని దేవుడికి తెలుస్తాది. నువ్వు ఎక్కడ ఆపితే అక్కడ మేము ఆమేన్ అంటాము."

బాగానే మొదలుపెట్టాను. సుగుణ పేరు దగ్గరికి వచ్చి, అది చెప్పకుండానే ఆగిపోయాను. అయిపోయిందనుకుని అందరూ ఆమేన్ అన్నారు. ఆంటీ టీ పోయడానికి లేచింది. "గుడ్ ప్రేయర్, మాస్టర్. షార్ట్ అండ్ స్వీట్" అని ఆమె భర్త నా భుజం తట్టాడు. నేను కప్పులు అందించాను.

షారోను చెవినొప్పి ఎలా ఉంది? వంటింటి పెంకులు సర్దించావా? చెరకు కొట్టే ముందు తోటలు తగలబెట్టే రోజులివి, ఆరేసిన చొక్కాల మీద మసి పడుతోంది. నిమ్మరసానికి పోతుందా? రాయి.

ఆగస్టులో సుగుణ జ్ఞాపకార్థ కూటానికి రాలేను, అప్పటికి బడి తెరుస్తారు. పాస్టరుగారు నన్ను పేరు చెప్పమనే చోట నా బదులు నువ్వు లేచి నిలబడు. సుగుణ పేరు పైకి చెప్పు. షారోను వాళ్లమ్మ పేరు వినాలి.

బావగారికి వందనాలు, పిల్లకు దీవెనలు.

తమ్ముడు
ప్రకాశం