రాజుగారి ఎడమ చెయ్యి

పాత రాజధాని,
హోటలు రెండో అంతస్తు, గది 214,
ప్రయాణం ఎనిమిదో రోజు, గురువారం, మధ్యాహ్నం.

పూజ్యురాలైన వదినగారికి,

మరదలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్ళు క్షేమం, సూట్‌కేసు చక్రం ఒక్కటే క్షేమం కాదు. అక్కడ మీరు, అన్నయ్యగారు, మనవరాలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇక్కడిదాకా రాసి కలం కిందపెట్టాను. ఇరవై నాలుగేళ్ళు నిన్ను నువ్వు అన్నదాన్ని, ఇప్పుడు మీరు అంటే నాకే నవ్వొస్తోంది. నీకైతే ఒళ్ళు మండుతుంది. కాబట్టి పై నాలుగు ముక్కలూ పెద్దరికానికి, ఇక్కణ్ణుంచి మన మామూలు ధోరణే. రెండు వీధుల అవతల ఉన్నదానివి, గుమ్మంలో నిలబడి కేకేస్తే పలికేదానివి. మూడేళ్ళు నోరు కట్టేసుకుని కూర్చుని, ఇన్ని నీళ్ళు దాటి వెళ్ళాక ఉత్తరం రాస్తోంది చూడు మహాతల్లి అని నువ్వు మూతి తిప్పుకోవడం నాకు ఇక్కడికి కనబడుతోంది. తిప్పుకో. చదవడం మాత్రం ఆపకు. చేతిరాత కుదురుగా ఉందని ఇంకెవరిచేతో రాయించాననుకుంటావేమో, నేనే రాస్తున్నాను.

మన కుట్టు దుకాణంలో నీ కత్తెర బల్లకి ఎదురుగా బట్టల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉండేది కదా. ఏళ్ళు మారినా ఆ ఒక్క బొమ్మనీ నువ్వు చించనివ్వలేదు. పచ్చటి నీళ్ళు, తెల్లటి ఇసక, ఒరిగిన చెట్టు. ఒళ్ళు పులిసిన రోజున నడుం పట్టుకుని దాన్నే చూస్తూ, చచ్చేలోపు ఆ నీళ్ళలో చీలమండల దాకా అయినా నిలబడాలి మరదలుపిల్లా అనేదానివి. మన కాళ్ళు దేవుడు మెషిను తొక్కడానికే ఇచ్చాడులే వదినా అని నేననేదాన్ని.

ఆ క్యాలెండర్ ముందే మన గొడవ కూడా జరిగింది. బడివాళ్ళ ప్యాంట్లు నలభై రెండు, అన్నీ ఒకే సైజు. వాళ్ళిచ్చిన చీటీ చూసి నేను సుద్దతో గీత గీయడం, నువ్వు బట్టని పొరలుగా పేర్చి ఆ గీత మీద కత్తెర ఆడించడం, ఎన్నేళ్ళైనా అదే మన పద్ధతి. కుట్టి పంపాక చూస్తే రెండంగుళాలు పొట్టి. పిల్లలంతా వాగు దాటుతున్నట్టున్నారని హెడ్మాస్టరు కట్ట తిప్పి పంపించాడు. సుద్ద గీత ఎప్పుడో రాలిపోయింది, చీటీ కనబడలేదు. గీత మీదే కోశానని నువ్వన్నావు. పొరలు జారాయి, పట్టుకున్న చెయ్యి వణుకుతోంది నీకు, వయసు మీద పడింది అని నేనన్నాను, అదీ ముగ్గురు పరాయివాళ్ళ ముందు. నీ చేతిని ఒకసారి ఎత్తి చూసుకున్నావు. కత్తెర బల్లమీద పెట్టి వెళ్ళిపోయావు. ఆ తర్వాత నువ్వు కత్తెరే పట్టలేదని, మనవరాలి గౌను కూడా బయట కుట్టిస్తున్నావని మీ తమ్ముడు చెప్పాడు. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

సరే, ముందు ప్రయాణం సంగతి చెప్పనీ. తొమ్మిది రోజులు, మూడు దీవులు, చివర ఒక పాత రాజధాని, వెంట గైడు. పొద్దున టిఫిను నుంచి రాత్రి పడక దాకా వాళ్ళదే పూచీ అన్న కాగితం చూసి మీ తమ్ముడే నా పేరు రాయించాడు. తను రాలేదు. నీళ్ళ తొట్టి చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి, గడియారాలు విప్పుకుంటూ ఇక్కడే ఉంటాను, నువ్వు వెళ్ళిరా అన్నాడు. నీ మాట నాకూ నా మాట నీకూ మోసి మోసి అలిసిపోయాడు పాపం. తొమ్మిది రోజులు ఆ చాకిరీ తప్పుతుందని ఆయన సంబరం.

మా గైడు చేతిలో ఎప్పుడూ ఒక పసుపు గొడుగు ఉంటుంది. ఎండ లేకపోయినా వాన లేకపోయినా ఎత్తి పట్టుకునే నడుస్తాడు, మేం పద్దెనిమిది మందిమీ కోడిపిల్లల్లా దాని వెనక. అందరం ఆయన్ని గొడుగు మాస్టారు అంటున్నాం. గదికి ఇద్దరు చొప్పున సర్దారు, నా జోడీ రిటైరైన నర్సమ్మ. ముప్పై ఐదేళ్ళు ఎముకల వార్డు చూసిందట. ఇప్పటికీ దుప్పటి మీద ముడత పడితే ఊరుకోదు. నన్ను చూడగానే పేషెంటు దొరికినంత సంతోషపడింది.

మొదటి దీవిలో పడవ దిగగానే చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలోకి నడిచాను. క్యాలెండర్ అబద్ధం చెప్పలేదు వదినా, కానీ చాలా తక్కువ చెప్పింది. నీళ్ళు ఒక రంగు కాదు. ఒడ్డున అస్తరు బట్ట తెలుపు, నాలుగడుగులు వేస్తే లేత పచ్చ, ఇంకా పోతే బడిపిల్లల చొక్కా నీలం. రంగుకీ రంగుకీ మధ్య కుట్టు ఎక్కడుందో కనబడదు. వంగి చూస్తే నా కాలి గోళ్ళు కనిపించాయి, గోళ్ళ పక్కన ఒక్కొక్క ఇసక రేణువూ కనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీ వంతు కూడా నేనే నిలబడ్డాననుకో.

మిగతావాళ్ళంతా మొహాలకి గాజు తొడుగులు పెట్టుకుని తలలు ముంచి చేపల్ని చూశారు. నర్సమ్మ నన్ను మోకాళ్ళు దాటి దిగనివ్వలేదు. తల తడిపితే నీ సంగతి చెబుతానని వేలు చూపించింది. నల్ల కళ్ళద్దాలు తీసినా గొడవే. చివరికి అడుగున గాజుపలక బిగించిన పడవలో కూర్చోబెట్టి తిప్పారు. కాళ్ళ కింద చారల చేపలు. చారలు లెక్కపెట్టాను, ఒక్కోదానికి ఏడేసి. ఒక్కదానికి మాత్రం ఆరే ఉన్నాయి, దాని దర్జీ ఎవరో పాపం.

రెండో దీవిలో వాన తప్ప ఏమీ చూడలేదు. అక్కణ్ణుంచి మూడో దీవికి పోతుంటే నడిసముద్రంలో పడవ ఇంజను ఆగిపోయింది. కెరటం వచ్చినప్పుడల్లా పడవ ఒక పక్కకి ఒరుగుతోంది. ఐదు నిమిషాలే అన్నాడు గొడుగు మాస్టారు. ఆ ఐదు నిమిషాలు రెండు గంటలయ్యాయి. ఒకాయన తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు, ఒకావిడ ఈ ప్రయాణం పెట్టినందుకు మొగుణ్ణి కడిగేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మీ తమ్ముడు గుర్తుకు రాలేదు. నీకు అందాల్సిన వస్తువొకటి నా సంచి అడుగున సూదుల డబ్బాలో ఉంది. అది నాతోపాటు నీళ్ళపాలైతే నీకు ఎప్పటికీ తెలియదే అని, అదొక్కటే భయం. సంచిని పొట్టకి హత్తుకుని కూర్చున్నాను. చివరికి ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాక్కుపోయింది. గట్టినేల మీద కాలు పెట్టాక ప్రాణం లేచొచ్చింది. నర్సమ్మ నా నాడి చూసి, మనిషి బతికే ఉంది, టీ పట్రండి అంది. చక్కెర వెయ్యడం మరిచిపోయిన ఆ టీ రెండు కప్పులు తాగాను.

ఇక ఈరోజు పొద్దున సంగతి. అసలు దీనికోసమే కలం పట్టాను. ఈ రాజధానిలో పాత రాజుల కోట ఉంది. మెట్లెక్కితే మళ్ళీ మెట్లు, ఆ రాజులకి మోకాళ్ళు ఉండేవి కావేమో. ఒక పెద్ద గదిలో, గాజు బీరువాలో, ఒక రాజుగారి పట్టాభిషేకపు అంగీ పెట్టారు. మాస్టారు గొంతు సవరించుకుని కథ మొదలుపెట్టాడు. ఆ రాజుకి చిన్నప్పుడు కత్తిసాములో దెబ్బ తగిలి ఎడమ చెయ్యి ఎదగలేదట. అందుకే అంగీకి ఎడమ చెయ్యి మూడు వేళ్ళు పొట్టిగా కుట్టారట. జనం ఆయన్ని పొట్టిచేతి రాజు అనే పిలిచేవారట. ఆయన చిన్నబుచ్చుకోకూడదని మంత్రులు కూడా తమ అంగీలకి ఎడమ చేతులు కురచ చేయించుకున్నారని గోడమీద పటాలు చూపించాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. నేను మాత్రం గాజుకి ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాను.

నీకైతే రెండు నిమిషాలు చాలేవి వదినా, నాకు పది పట్టింది. అంగీ అంతా జరీ పూలు, వరసలు వరసలుగా. కుడి చేతి అంచున నిండు పువ్వు. ఎడమ చేతి అంచున పువ్వు సగానికి తెగింది. కొలత చూసుకుని కోసిన చెయ్యయితే రాజుగారి దర్జీ నిండు పువ్వు అంచుకి వచ్చేలా సర్దుకోడా? పువ్వు నడుం విరగ్గొడతాడా? పైగా తెగింది కనబడకుండా ముత్యాల పట్టీ వేశాడు, పట్టీ కింద నుంచి రేకులు తొంగిచూస్తున్నాయి. ఇది పొట్టి చెయ్యి కాదు, పొట్టి కోత అని పైకే అనేశాను.

మాస్టారు నవ్వి, అమ్మా ఇది మూడొందల ఏళ్ళ చరిత్ర అన్నాడు. దాంతో నర్సమ్మకి పట్టుదల వచ్చింది. ఎదగని చేతులు ఎన్ని చూశానో లెక్కలేదు, బట్ట అబద్ధం చెప్పినా ఎముక చెప్పదు అంటూ పక్క గదిలోకి నడిచింది. అక్కడ అదే రాజు యుద్ధంలో చేతులకి తొడుక్కున్న ఇనుప కవచాలున్నాయి, భుజం నుంచి మణికట్టు దాకా వచ్చేవి, రెండూ పక్కపక్కనే. గాజు మీద జేనలు పెట్టి ఆవిడ ఒకసారి, నేను ఒకసారి కొలిచాం. రెండూ ఒకటే పొడవు.

రాజుగారి చేతికి ఏ లోటూ లేదు వదినా. దర్జీ తప్పు కోశాడు, తల పోతుందని భయపడి నెపం ఆ చేతిమీదకి నెట్టేశాడు. రాజెలా ఒప్పుకున్నాడంటావా? పదిమంది ఎదుట నీ చేతిలోనే లోపముంది అంటే, ఎంతటివాడైనా ముందు తన చెయ్యే ఎత్తి చూసుకుంటాడు.

మాస్టారు అటూ ఇటూ చూసి, మీకు దణ్ణం పెడతాను, ఈ మాట బస్సులో అనకండి, ఇరవయ్యేళ్ళుగా ఈ కథ చెప్పుకునే బతుకుతున్నాను అని నా చెవిలో అన్నాడు. నాకు నవ్వాగలేదు. మెట్లమీద చతికిలబడి నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. నర్సమ్మ పక్కన కూర్చుని కారణం అడిగింది. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పాను. ఆవిడ నా వీపు నిమిరి, రాజు ఎప్పుడో పోయాడు, ఆయనకి చెప్పేవాళ్ళు లేరు, మీ వదిన రెండు వీధుల అవతలే ఉందిగా అంది.

అందుకే అందరూ బజారుకి పోతే నేను గదిలో ఉండి ఇది రాస్తున్నాను. రాయాల్సింది చాలావరకు రాసినట్టే. మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం. అన్నయ్యగారికి నమస్కారాలు, మనవరాలికి ముద్దులు.

ఇట్లు,
నువ్వు పిలవకపోయినా నీ
మరదలుపిల్ల

తా.క. కవరు అంటించబోతుంటే నర్సమ్మ బజారు నుంచి వచ్చింది. ఉత్తరం రాశావా అంది. రాశానన్నాను. అది రాశావా అంది. నేను కవరు అంచు తడపబోయాను. ఆవిడ నా చేతిలోంచి కవరు తీసుకుని, మళ్ళీ కలం ఇచ్చింది. ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు, కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

చీటీ పోలేదు వదినా. నువ్వు వెళ్ళిపోయిన మూడో రోజు మెషిను సొరుగులో దొరికింది. పొడవు 36 అని ఉంది, నేను గీసిందీ అంతే. బడివాళ్ళే తప్పు రాశారు, మనిద్దరి తప్పూ లేదని ఎగురుకుంటూ నీ దగ్గరికి బయల్దేరాను. గుమ్మం దాటబోతూ, ఎందుకైనా మంచిదని మీ తమ్ముడి గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని ఎండలో ఇంకోసారి చూశాను. 38. తొడిగిన చెప్పులు మళ్ళీ విప్పేశాను.

అప్పటికే ఏడాదిగా నా కళ్ళకి పొర కమ్మింది. సూది బెజ్జం తడిమి దారం ఎక్కించేదాన్ని. ఈ రంగు బాగుందా అని నిన్ను అడిగినప్పుడల్లా, అది ఏ రంగో నాకు తెలియకే అడిగేదాన్ని. దర్జీకి చూపు పోయిందంటే ఇంకేముంది అన్న భయంతో నీకు కూడా చెప్పలేదు. ఆ భయమే నీ చేతిమీద నింద వేయించింది. తెలిశాక కూడా మూడేళ్ళు నోరు మెదపలేదు, అది భయం కాదు, నా పొగరు.

రెండు నెలల కిందట రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. నీకు చెప్పొద్దని మీ తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాను, ఆయన్ని ఏమీ అనకు. కట్టు విప్పాక నేను మొట్టమొదట చూసింది ఆ చీటీనే. భూతద్దం లేకుండానే 38. సూదుల డబ్బాలోంచి తీసి ఈ కవరులో పెట్టాను, నువ్వూ చూడు. ఇది రాశాక గుండెల మీంచి బండ దించినట్టుంది, చాలా రోజుల తర్వాత ఆకలేస్తోంది కూడా.

నీ చెయ్యి ఏనాడూ వణకలేదు వదినా. నేను గీత తప్పు గీశాను, నువ్వు ఆ తప్పు గీత మీదే వెంట్రుకవాసి తేడా లేకుండా కోశావు.

మూడో దీవిలో మూడు గజాల బట్ట కొన్నాను, సరిగ్గా మన క్యాలెండర్ నీళ్ళ రంగు, మనవరాలి గౌనుకి. దానిమీద నేను గీత గీయను. ఈ ఉత్తరం నేను ఇల్లు చేరిన నాలుగు రోజులకి గానీ నీకు అందదట. ఆ నాలుగు రోజులూ, ఆ తర్వాతా దుకాణం తలుపులు తీసుకుని, ప్రతి అడుగు చప్పుడుకీ తలెత్తుతూ కూర్చుంటాను. తిట్టడానికైనా రా. నీ కత్తెర నువ్వు పెట్టినచోటే ఉంది, తుప్పు పట్టనివ్వలేదు.