పెద్దకారుకు తగిలిన దిష్టి

ఏమండీ,

కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. హారన్ మాత్రం నొక్కకండి, నొక్కితే వైపర్లు తిరుగుతున్నాయి. పప్పు కుక్కర్లో ఉంది, మీరే వేడి చేసుకోండి. నేను బస్సులో మైలవరం పోతున్నాను, మా తమ్ముడి దగ్గరికి.

ఈ పాత పెద్దకారు కొన్నరోజున వాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి "బాగుంది బావా" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి లైటు వెలక్కపోయినా, అద్దం దిగకపోయినా వాడి దిష్టే అన్నారు మీరు. మొన్న మా అమ్మ ఎదుటే వాడి మొహం మీద అనేశారు. వాడు అన్నం దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయాడు.

పొద్దున మీరు ఆఫీసుకి వెళ్ళాక ఎలక్ట్రీషియన్ వచ్చి బానెట్ ఎత్తి ఫ్యూజుల పెట్టె విప్పాడు. లోపలంతా పచ్చటి చిలుము. గుర్తుందా? కొన్న రోజు కారు పూజలో పూజారిగారు చక్రం దగ్గర కొట్టమన్న కొబ్బరికాయని, పెద్దకారు కదా అని మీరు బానెట్ ఎత్తించి ఇంజన్ మీదే కొట్టారు! ఆ దెబ్బకి ఫ్యూజుల పెట్టె మూత పగిలి, కొబ్బరినీళ్ళు లోపలికి దిగాయట.

మైలవరం వచ్చి ఆ మాట మీ నోటితో వాడికి చెప్పండి. అందాకా నేను రాను. ఫోన్లు చెయ్యొద్దు.

అన్నట్టు, టేబుల్ మీద మూతపెట్టిన గిన్నెలో ఉన్నది పచ్చడి కాదు. ఆ పెట్టెలో ఇరుక్కున్న కొబ్బరిముక్క. మా తమ్ముడి దిష్టి అదే, కళ్ళారా చూసుకోండి.