చాయ్‌కి పిలిచింది మన సునందే

చెల్లె సత్తెమ్మకు,

మన సునంద ఒక అబ్బాయిని తనంతట తానే చాయ్‌కి పిలిచింది, అతను వస్తానన్నాడు! ఫోన్లో చెబితే పక్క గదిలో బిడ్డ వింటుంది, అందుకే సంతోషం పట్టలేక రాస్తున్నాను.

సునంద పనిచేసే ఆబిడ్స్ కళ్ళద్దాల దుకాణానికి దుర్గేష్ అనే ఆంధ్రా అబ్బాయి ప్రతి వారం వస్తాడట. వదులు కాని కళ్ళజోడుకే స్క్రూలు బిగించమని అడిగి, తలవంచుకుని పోతాడట. మొన్న మన పిల్లే అడిగేసింది: "కళ్ళజోడు మంచిగనే ఉంది గద సార్. నన్ను చూడనీకి వస్తున్నరా? ఔనంటే చెప్పున్రి, నాంపల్లి స్టేషన్ కాడ చాయ్ తాగుదాం."

"అమ్మయ్య, మీరే అడిగారు! ఇంకో నెలయితే ఇది విరిగిపోయేదండీ" అన్నాడట.

"కాదంటే ఏం చేస్తుంటివి బిడ్డా?" అన్నాను.

"అంటే అననీ నాయినా, మొఖం మీదనే అంటడు గద. పెండ్లిచూపులకొచ్చి మిర్చీలు తిని, ఫోన్ చేస్తమని పోయినోళ్ళ కోసం నువ్వు ఫోన్ జేబుల పెట్టుకొని ఎంత తిరిగినవో నేను చూడలేదా?"

చెల్లె, అది నా కోసం కూడా బాధపడిందని ఇన్నేళ్ళూ తెలియనే లేదు.

నిన్న చాయ్ తాగి నవ్వుకుంటూ వచ్చింది. ఆదివారం మళ్ళీ కలుస్తారట. కాబట్టి నువ్వు చూసిన భువనగిరి సంబంధం వాళ్ళను ఆ రోజు రావద్దని చెప్పు తల్లీ. పెళ్ళి అని మాత్రం అనకు, చాయ్ అనే చెప్పు. కానీ అందరికీ చెప్పు: బావగారికి, పెద్దన్న రాజమల్లుకు, వరంగల్ చిన్నమ్మకు, చెవులు వినపడని యాదవ్వ అత్తకు గట్టిగా అరిచి.