గరుసు చేనులో ఒక మూల

జూన్ 9
శిరివెళ్ల నుంచి బస్సులో నేను, మా ఆయన నంద్యాలకు రైతుల ట్రైనింగ్‌కు పోయి వచ్చాం. ట్రైనింగ్‌లో నేను వెనక కూర్చున్నాను. పత్తికట్టెను గుంతలో కాల్చి, బూడిద కాకముందే నీళ్లతో ఆర్పితే బయోచార్ అవుతుందట. ఆ బొగ్గును కంపోస్టులో కలిపి, పేడనీళ్లు పోసి నానబెట్టాలి. నానబెట్టని పచ్చిబొగ్గు వేస్తే నేలలో ఉన్న బలం కూడా అదే పీల్చుకుంటుందని సారు రెండుసార్లు చెప్పాడు. మా ఆయన అప్పుడు బయట ఫోన్‌లో ఉన్నాడు.

జూన్ 10
చేనులో బొగ్గు వేయడానికి మామ ఈ ఒక్కసారికి ఒప్పుకున్నాడు. ఈతూరి గూడా కొర్ర రాకపోతే గరుసు మట్టి తవ్వి తోలేటోళ్లకు ఇచ్చేస్తా, టిప్పర్లన్నా నిండుతాయి అన్నాడు. మా ఆయన తలూపాడు.
చేను మూలన వేపచెట్టు కింద పాప ఉంది. పుట్టినప్పుడే ఊపిరి లేదు. పేరు పెట్టలేదని సమాధుల తోటలో చోటివ్వలేదు. పూడ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. తర్వాత అత్త ఆ మూల చూపించింది.

జూన్ 27
బొగ్గు కాల్చాం. ఒక గంప నేను పెరట్లో నానబెట్టాను. మిగతాది చూస్తాంలే అన్నాడు మా ఆయన.

జూలై 14
వాన. బొగ్గులకు నీళ్లు పోసుకుంటా కూర్చుంటే అదును ఆగుతాదేందిరా అని మామ ఎగతాళి చేశాడు. మా ఆయన పచ్చిబొగ్గే ట్రాక్టర్‌కు ఎత్తాడు. అది వేయొద్దని నేను తలుపు చాటున అత్తకు చెప్పాను. అత్త మామకు చెప్పింది. మా ఇంట్లో కోడళ్లు మామతో మాట్లాడరు. నీ కోడలు మేడమ్ అయినాదా ఏందీ అన్నాడు.
నానిన నా గంప తీసుకుపోయి పాప దగ్గర మన్నులో కలిపాను.

ఆగస్టు 20
చేనంతా కొర్ర పసుపుబారింది.

సెప్టెంబర్ 8
ఆ మూలన మాత్రం కొర్ర నడుము దాకా లేచింది. మామ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. ఈడ ఏం ఏసినార్రా అని మా ఆయన్ని అడిగాడు. ఆయనకు తెలియదు.

అక్టోబర్ 20
చర్చిలో కోతల పండుగ. ప్రథమ ఫలమని అత్త ఆ మూల కంకులే మోపు కట్టింది. కానుకల వేలంలో మామే పాట పాడి దక్కించుకున్నాడు. ఏమప్పా, నీ కొర్ర నువ్వే కొనుక్కుంటాండావే అని అందరూ నవ్వారు. మోపు అటక మీద పెట్టాడు. దంచనివ్వలేదు.

నవంబర్ 3
ఆళ్లగడ్డ నుంచి గరుసువాళ్లు వచ్చారు. చేను బేరం ఖాయం చేస్తున్నారు. నేను వాకిట్లోకి వచ్చేశాను. ఆ మూల తవ్వించొద్దు మామా అన్నాను. ఆయనతో నా మొదటి మాట అదే.
మామ నా వైపు చూడలేదు. ఆ మూల ఇడ్సిపెట్టండప్పా, ఆడ మా మనిషి ఉండాది అని వాళ్లకు చెప్పాడు.
లోపలికి వచ్చి ఏడ్చాను.

డిసెంబర్ 22
పక్క చేను కూడా గరుసుకు పోయింది. గట్టు లేదు. అంతా గుంత. మధ్యలో వేపచెట్టుతో ఆ మూల ఒక్కటే ఎత్తుగా నిలబడి ఉంది.
మామ నిచ్చెన పట్టుకున్నాడు. ఎక్కి, నానిన బొగ్గు ఒక గంప పోసి వచ్చాను.