పదకొండు ఉత్తరాలు, ఒక చిరిగిన మూల

1963 సెప్టెంబరు 9, సోమవారం
కరీంనగర్, ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు

పొద్దున పెట్టె తెరిస్తే, బాపు నాకిచ్చిన పదకొండు ఉత్తరాలకూ కింది కుడి మూల లేదు. ఎలుకల పని అనుకున్నాను. కాదు.

సిరిసిల్ల నేతగాడు బాలమల్లు కూతురు బాలలక్ష్మిని, పందొమ్మిదేళ్లదాన్ని, పీయూసీ విద్యార్థినిని. రేపు పదింటికి కడుపులో గడ్డకు ఆపరేషన్. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను.

1. నా దుప్పటి పక్క మంచం కమలవ్వకు. "పెండ్లన్న గాలే, వీలునామానా పిల్లా? ఏమున్నదే నీకు, రెండు దువ్వెనలు!" అన్నందుకు ఒక దువ్వెన కూడా.

2. నిఘంటువు మేనమామ భూమన్నకు. నా వ్యాసం పదిమందిలో చదివి నవ్వినందుకు ఇంకా క్షమించలేదు. అయినా ఈ వీలునామాను అమలు చేయవలసింది ఆయనే.

3. ఉత్తరాలు నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే అంబదాస్ కాకకు. ఆయనా బాపూ సాయుధ పోరాటంలో చెరొక దళం నడిపారు. తుపాకులు దించాక ఆయన బాపుకు రాసినవివి. "మనం పంచిన భూమిల దొర మల్ల నాగలి కట్టిండు. ఖద్దరేసుకొని ఓట్లడుగుతుండు. నేను కొయ్య సిపాయిలకు రంగులేస్తున్న బాలమల్లూ, గీళ్లన్న నా మాట వింటరు." ఇంకొకదానిలో: "దళం రివాజు మరువకు. చదివినంక మూల చింపి పంపు. మూల రాకుంటే మనిషి లేడు, లేకుంటే మనోడు కాడు."

4. (మూడుసార్లు రాసి కొట్టేశాను.) 1956లో బాపు తన చివరి ఉత్తరం నాచేత రాయించాడు: "సచ్చినోళ్లు కండ్లల్ల మెదులుతున్నరు. నిద్ర పడ్తలేదు. గిదంత ఎందుకు జేసినం అంబదాసూ?" మూల తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరు ఆ పేరెత్తినా "వాడు మనోడు కాడు" అంటాడు.

మూల వచ్చింది. నాకు పన్నెండేళ్లు, దళం రివాజు తెలియదు. కవరులో చిరిగిన ముక్క తప్ప ఏమీ లేదని కవరు పారేశాను. ముక్క వెనక, కొత్తగా నేర్చిన 'పర్యవసానం' అనే మాట రాసుకుని నా మాటల చీటీల కట్టలో కలిపేశాను. ఇవాళ కట్ట విప్పి వెతికాను. ముక్క అంచున నా చేతిరాతే, 'అంబదాసూ'లో చివరి అక్షరం.

ఆ ముక్క బాపుకు.

5. వీలునామా చచ్చాకే చదువుతారు. బతికితే నాలుగో అంశం ఎవరికీ తెలియదు. ఇందాక ఒక్క క్షణం అదే నయమనిపించింది. అందుకే దాన్ని రద్దు చేస్తున్నాను. రేపు పొద్దున ఆరింటికి, వరండాలో పడుకున్న బాపును లేపి, ముక్క నా చేత్తోనే ఇస్తాను. నిర్మల్ బస్సు ఏడింటికి. నా దగ్గర నన్ను కన్న అవ్వ ఉంటుంది, నువ్వు ఆగవద్దని చెబుతాను.

(సంతకం) బాలలక్ష్మి
సాక్షులు: నర్సు లీలాబాయి; ఆయా సత్తమ్మ (వేలిముద్ర)