బెల్లానికి సీమంతం

జహీరాబాద్

అక్కకు నమస్కారాలు.

నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. మనసే బాగాలేదు. ఫోన్లో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, నీకేమో పొయ్యి మీద కూర గుర్తొస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. చివరిదాకా చదువు.

మీ మరిదిగారికి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది. ఇక్కడ చలి మొదలైంది, మన తణుకు చలి కాదిది, రెండు దుప్పట్లకి కూడా లొంగదు. ఇంటి ఓనరు మరియమ్మగారు నాకు జొన్నరొట్టె నేర్పారు. అంచులు ఇంకా పగులుతూనే ఉన్నాయి. చేపల పులుసు తిని ఎన్నాళ్లయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు.

ఇక అసలు సంగతి. మా అల్లం పోయిందక్కా. మా కుక్క బెల్లానికి పుట్టిన పిల్లల్లో నా దగ్గర మిగిలిన ఒక్కటీ పోయింది. మీ ఇంట్లో ఉన్న మిరియానికి తోడబుట్టింది.

మేమిక్కడ సామాను దింపిన రోజే బెల్లం మా గుమ్మం ఎక్కిందని నీకు చెప్పాను కదా. చెరకు బండ్ల వెనక తిరిగే వీధికుక్క. దాని రంగు చూసే ఆ పేరు పెట్టాను. ఆయన డ్యూటీకి వెళితే నాతో మాట్లాడే దిక్కు అదొక్కటే. అది బదులు చెప్పకపోయినా, మధ్యలో లేచిపోయేది మాత్రం కాదు.

మరియమ్మగారు మొదట్లోనే హెచ్చరించారు. "జర నా మాట ఇను పద్మమ్మా, దీనికి ఆపరేషన్ చేపియ్యి. మా పిల్లిని చూస్తలేవా? ముందుగాల రోజూ కొట్లాటలే, చెవులు చింపుకొని వస్తుండె. విత్తనం అల్లం బస్తాల మీద ఉచ్చ పోసి ఇల్లంత కంపు చేసింది. ఆపరేషన్ అయినంక ఇంటిపట్టునే ఉంటున్నది. నాకు ఫికరే లేదు."

నేను నవ్వి ఊరుకున్నాను. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావో గుర్తుందా? "ఒక్క ఈతైనా ఈనకుండా దాన్ని గొడ్రాలిని చేస్తావా? మూగజీవి ఉసురు తగుల్తుందే" అన్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు. నాకూ అదే న్యాయమనిపించింది. నీ నోటితో అనేసరికి ఇంక వెనక్కి చూడలేదు.

బెల్లం కడుపుతో ఉందని తెలిశాక కాలనీలో ఆడవాళ్లు ఒక్కొక్కరే పలకరించడం మొదలుపెట్టారు. అంతకుముందు గేటు దగ్గర తలూపుకోవడమే. అందరం పుట్టిళ్లు వదిలి వచ్చినవాళ్లం, పేరంటానికి మొహం వాచి ఉన్నాం. ఎవరో సరదాకి సీమంతం అన్నారు. అంతే, పులిహోర ఒకరు, చలిమిడి ఒకరు పంచేసుకున్నాం. ఆకుపచ్చ గాజులు దారానికి గుచ్చి దాని మెడలో కట్టాం. బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించాం. అది గాజులు విదిలించుకుని చలిమిడి మాత్రం తింది. "నాకో పిల్ల, నాకో పిల్ల" అని అందరూ మాట తీసుకున్నారు. మరియమ్మగారు గోడ అవతల నుంచి చూసి, "మంచిగ చేస్తున్నరు. పుట్టినంక ఎవరు సాకుతరో గది గూడ ఇప్పుడే మాట్లాడుకోన్రి" అన్నారు. ఆవిడకు సరదా తెలియదనుకున్నాను.

ఐదు పుట్టాయి, ఐదూ ఆడవే. పులిహోర తిన్న ఇళ్లన్నీ తిరిగాను. ఒకరింట్లో మగాయనకు కుక్కలు పడవు, ఇంకొకరి పైవాటా వాళ్లు ఒప్పుకోరు. "అయ్యో, మగదైతే తీసుకుందునండీ" అంది చలిమిడి చేసినావిడ. వానల్లో రెండు పిల్లలు వాంతులు పట్టి పోయాయి. ఒకదాన్ని కోహీర్ నుంచి వచ్చే పాలాయన పొలానికి తీసుకెళ్లాడు. మిరియాన్ని బావగారు బుట్టలో పెట్టుకుని మీ ఇంటికి తీసుకెళ్లారు. అల్లం నాకు మిగిలింది.

పోయిన నెల బెల్లం మళ్లీ ఎదకు వచ్చింది. ఎక్కడెక్కడి మగకుక్కలో గేటు ముందు చేరి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. గ్యాస్ బండ వేసే అతను గేటు తీయగానే బెల్లం బయటికి దూకింది. దాని వెనక ఆ మంద, మంద వెనక అమ్మ కోసం అల్లం. బొంబాయి రోడ్డు బెల్లం దాటింది. అల్లం దాటలేకపోయింది. లారీ ఆగలేదు.

మీ మరిదిగారు తువ్వాలులో చుట్టి తెచ్చారు. మరియమ్మగారు పార తెచ్చి తన అల్లం చేను గట్టున తనే గుంత తీశారు. తిట్టినా బాగుండేదక్కా.

బెల్లాన్ని వెంటనే కట్టేసి, ఎద చల్లారాక ఆపరేషన్ చేయించాం. పశువుల డాక్టరును నీ మాటే అడిగాను, ఒక్క ఈతైనా ఈనాలి కదా అని. "గది మనం అనుకునుడే అమ్మా, కుక్కకు గట్ల ఏముండదు. చిన్నగున్నప్పుడే చేపిస్తే గర్భసంచిల చీము పట్టదు, రొమ్ములల్ల గడ్డలు గూడ తక్కువ" అన్నాడు. కుట్లు మానాయి. ఇప్పుడు గేటు తెరిచి ఉన్నా ఎండలో పడుకుంటుంది, రోడ్డు వైపు చూడదు. దాన్ని చూస్తే సంతోషించాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాననే అనిపిస్తోంది.

మొన్న ఫోన్లో నువ్వు మిరియం ఎదిగిందని మురిసిపోయావు. "దీనికి కడుపు పండగానే నేనూ సీమంతం చేస్తానే, గాజులు కూడా కొన్నాను" అన్నావు. ఆ గాజులు నువ్వు తొడుక్కో అక్కా. ఈ ఉత్తరం అందగానే మిరియాన్ని డాక్టరుకు చూపించు. ఆపరేషన్ ఎప్పుడు చెయ్యాలో ఆయనే చెబుతారు. కుట్లు నాకకుండా బావగారి పాత బనీను తొడుగు. ఉసురు మాట ఎవరైనా ఎత్తితే, అల్లం ఉసురు నాకు తగిలిందని చెప్పు.

అత్తయ్యగారికి, బావగారికి మా ఇద్దరి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. పెద్దదానివి, నీ దీవెన నాకెప్పుడూ కావాలి. మిరియానికి నా దీవెన చెప్పు. ఈసారి పిల్లాపాపలతో అనడం లేదు. చల్లగా ఉండమంటున్నాను, అంతే.

నీ చెల్లెలు
పద్మ